పంక్చరు సాయిబు కొడుకు

ఫజర్ నమాజ్ అయ్యి మస్జిద్ బయటికొచ్చేసరికి ఇంకా చీకటే. చెప్పుల దగ్గర కూర్చుని నా సైకిలు బూట్లు తొడుక్కుంటున్నాను. పెడల్‌కి ఇరుక్కోవడానికి వాటి అడుగున బిళ్ళలుంటాయి. లేచి నాలుగడుగులు వేస్తే టకటకమని చప్పుడు. పక్కనే ఉన్న పెద్దాయన ఆ బూట్లనీ, నా తెల్లగడ్డాన్నీ మార్చి మార్చి చూసి, "క్యా మియా, ఈ ఉమర్‌లో కాళ్ళకి లాడాలు కొట్టించుకున్నావా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నలభై ఆరేళ్ళ మనిషి ఆదివారం పూట ఇల్లూ పిల్లల్నీ వదిలేసి సైకిలు పందేలకి తయారవుతుంటే నవ్వక ఏం చేస్తారు?

మాది ఐదుగురి జట్టు. పీఈటీ మేస్టారు మాకు కెప్టెన్. అంబాజీపేట కొబ్బరి వర్తకుడు ఒకాయన, ఆయన్ని అందరం బాబాయ్ అంటాం. ఒక పిల్లల డాక్టరు గారు. రాజోలు నుంచి వచ్చే ఇరవయ్యారేళ్ళ కుర్రాడు, రొయ్యల చెరువుల దగ్గర నీళ్ళు పరీక్షించే పని. ఐదోవాణ్ణి నేను, పేపరు మనిషిని. వాళ్ళకి నేను 'భాయ్'. ఫజర్ కోసం మేస్టారు అడగకుండానే బయల్దేరే టైము ఓ పావుగంట వెనక్కి జరిపారు. ఆ పావుగంట గురించి మా మధ్య ఎప్పుడూ మాట రాలేదు. నాకు అదే నచ్చింది.

ఒక ఆదివారం కొత్తపేట మీదుగా రావులపాలెం వెళ్ళొస్తాం. ఇంకో ఆదివారం బోడసకుర్రు వంతెన దాటి, పాశర్లపూడి మీంచి రాజోలు, అక్కణ్ణుంచి దిండి. కోనసీమలో కొండలు లేవు. గౌతమి ఓ పక్క, వశిష్ఠ ఓ పక్క, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. నది తెచ్చి పోసిన ఒండ్రు మీద కొండ ఎక్కణ్ణుంచి వస్తుంది? 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక కాలువలొచ్చాయి, కాలువల వెంట గట్లొచ్చాయి, ఆ గట్ల మీద సైకిళ్ళొచ్చాయి. మాకు ఎత్తు ఎక్కడం అంటే వంతెన ఎక్కడమే. బోడసకుర్రు దగ్గర వైనతేయ, చించినాడ దగ్గర వశిష్ఠ, ఎదుర్లంక దగ్గర గౌతమి. మా ఆల్ప్స్ పర్వతాలు ఈ మూడే అని బాబాయ్ జోకు.

ఎత్తు లేకపోయినా గాలి ఉంది. ఎండ ముదిరేకొద్దీ సముద్రం నుంచి వచ్చే గాలి వంతెన మీద మనిషిని పక్కకి తోసేస్తుంది. సైకిలు పందెమంటే కాళ్ళ బలమని నేను అనుకునేవాణ్ణి. అది హవాతో కుస్తీ అని తర్వాత తెలిసింది. వేగం పెరిగేకొద్దీ మనిషి బలమంతా గాలిని చీల్చడానికే పోతుంది. వేగం రెట్టింపు చేయాలంటే గాలిని చీల్చడానికి ఎనిమిది రెట్ల బలం కావాలి. అందుకే జట్టుగా తొక్కుతారు. ముందున్నవాడు గాలిని గుండెల మీద తీసుకుంటే, వాడి వెనక చక్రానికి జానెడు దూరంలో ఉన్నవాడికి పావు వంతు పైగానే కష్టం తగ్గుతుంది. కాసేపటికి ముందువాడు పక్కకి తప్పుకుని వరస చివరికి వస్తాడు, తర్వాతివాడు ముందుకొస్తాడు. మధ్యలో సందు పడితే ఆ సందులోకి గాలి దూరుతుంది, వెనకవాళ్ళు తెగిపోతారు. మొదటిసారి మేస్టారు ఇది వివరిస్తుంటే నాకు సఫ్ గుర్తొచ్చింది. జమాత్ నిలబడేటప్పుడు ఇమాం సాబ్ అనే మాటే. భుజానికి భుజం కలపండి, మధ్యలో ఖాళీ ఉంచకండి.

ఇంతవరకూ అంతా ఖుషీ కబురే. ఇప్పుడు చెప్పబోయేది కొంచెం కష్టం.

మా అబ్బాది సైకిలు షాపు. షాపంటే, కాలువ గట్టు మీద తాటాకు పాక. ముందు వరసగా ఆరు అద్దె సైకిళ్ళు, గంటకి అర్ధరూపాయి. మూలన సగానికి కోసిన డ్రమ్ములో నీళ్ళు. ఆకురాయి, పానాలు, సొల్యూషన్ ట్యూబు, పాత ట్యూబుల్ని కత్తెరతో గుండ్రంగా కోసిన ముక్కలు. అద్దెకి తీసుకున్నవాళ్ళ పేర్లు అబ్బా ఒక పొడుగు పుస్తకంలో ఉర్దూలో రాసుకునేవాడు. సత్యనారాయణ, సూర్యకాంతం మనవడు, పల్లపు వీధి పెద్దోడు, అందరూ ఆ పుస్తకంలో కుడి నుంచి ఎడమకి నడిచేవాళ్ళు. ఉర్దూ హర్ఫులు నాకు మొదట అక్కడే తగిలాయి. తర్వాత రాజమండ్రిలో నానీ ఇంట్లో ఉండి పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివాను. ఆ తర్వాత జిద్దు పట్టి డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. ఉర్దూ బడి పిల్లాడికి ఛందస్సేంటని నవ్వినవాళ్ళకి మార్కులతో జవాబు చెప్పాను. అలా పేపర్లోకి వచ్చి పడ్డాను.

అబ్బా పంక్చరుకి డబ్బులు తీసుకునేవాడు గానీ గాలికి తీసుకునేవాడు కాదు. "హవా అల్లాది బేటా, పంపు ఒక్కటే నాది. దానికి పైసలెందుకు?" అనేవాడు. కొట్టు ముందు గాలి కొట్టుకోవడానికి జనం క్యూ కట్టేవారు, గల్లాపెట్టెలో మాత్రం చిల్లర గలగలలాడేది. అమ్మీ దానికి ఎంత సతాయించేదో!

చిన్నప్పుడు ఊళ్ళో నన్ను పంక్చరు సాయిబు కొడుకు అనేవాళ్ళు. అందులో తిట్టేం లేదు. కమ్మరాయన కొడుకు, పంతులుగారబ్బాయి అన్నట్టే అది ఆనవాలు. ఆ మాటకి కోరలు ఎప్పుడు మొలిచాయో నేను సరిగ్గా చెప్పలేను. ఫోన్లు చేతికొచ్చాక, ఏ వార్త కింద చూసినా, మా పేరున్న ఎవడు ఏం మాట్లాడినా, "పోయి పంక్చర్లు వేసుకో" అన్నది ఒక జవాబైపోయింది. మనిషి డాక్టరైనా సరే, ప్రొఫెసరైనా సరే. ఆ పనిలోకి మావాళ్ళు ఎందుకు వెళ్ళారో అడిగినవాడు లేడు. 2006లో పార్లమెంటు ముందుకొచ్చిన సచార్ కమిటీ నివేదిక తిరగేస్తే తెలుస్తుంది. జీతాల ఉద్యోగాల్లో ముస్లింలు తక్కువ, సొంత చేతిపనుల్లో ఎక్కువ. పంపు, పానా, నీళ్ళ డబ్బా ఉంటే చాలు, ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదు. అబ్బా లెక్కలో అది ఇజ్జత్. లోకం దాన్ని తిరగేసి జిల్లత్ చేసింది.

జట్టులో చేరిన కొత్తలో నేనో నియమం పెట్టుకున్నాను. అది గట్టిగా ఎవరికీ చెప్పలేదు. నేను పంక్చరు సామాను మొయ్యను. ఎవరి టైరు దిగినా వేరే వైపు చూస్తూ నీళ్ళు తాగుతాను. ఈ కాలంలో పందెపు సైకిలుకి పంక్చరు ఎవరూ వెయ్యరు, ట్యూబు మార్చేస్తారు. డాక్టరు గారు మార్చేవాళ్ళు, మేస్టారు మార్చేవాళ్ళు. వాళ్ళు టైరు రిమ్ములోంచి ఊడదీయలేక పది నిమిషాలు చెమటలు కక్కుతుంటే నా వేళ్ళు దురద పెట్టేవి. అయినా కదలలేదు. నేను జర్నలిస్టుని, నేను తెలుగు ఎం.ఏ.ని. ఇంత చెత్త గురూర్ ఎందుకో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఒకరోజు మా వాట్సాప్ గ్రూపులో వైజాగ్ పందెం గురించి మాట్లాడుకుంటున్నాం. దారిలో టైరు దిగితే ఎలా అని బాబాయ్ అడిగారు. రాజోలు కుర్రాడు రాశాడు: "భయమేంటండీ, మన భాయ్ ఉన్నాడుగా. వాళ్ళ డిపార్టుమెంటే!" కింద నాలుగు నవ్వు బొమ్మలు. వాడు మంచి పిల్లాడే. అమ్మీకి రక్తం కావాల్సొస్తే రాజోలు నుంచి అర్ధరాత్రి బండేసుకుని వచ్చినవాడు. వాడికి మా అబ్బా షాపు సంగతి తెలియదు కూడా. తెలియకపోవడమే నన్ను ఎక్కువ గుచ్చింది. నా పేరు చూసి అన్నాడు, నన్ను చూసి కాదు. రెండు ఆదివారాలు జ్వరమని చెప్పి వెళ్ళలేదు.

ఆ రెండు ఆదివారాలూ ఇంట్లో కూర్చుని పాత పందేల గురించి చదివాను. టూర్ ద ఫ్రాన్స్ మొదలైంది 1903లో. జట్టు నాయకుడి కోసం గాలికి ఎదురొడ్డే రైడర్లని సైకిలు పందేల భాషలో 'దొమెస్తిక్' అంటారు. ఫ్రెంచిలో ఆ మాటకి నౌకరు అని అర్థం. 1911లో మోరిస్ బ్రొక్కో అనే రైడరు తనకి గెలిచే ఆశ పోయాక వేరేవాళ్ళకి సాయం చేస్తున్నాడని, పందెం నడిపే పెద్దమనిషి ఆన్రీ దెగ్రాంజ్‌కి ఒళ్ళు మండింది. తన పేపర్లో వాణ్ణి నౌకరు అని తిట్టాడు. ఆయన కూడా పేపరు మనిషే, గమనించండి! ఆ తిట్టే తర్వాత ఒక హోదా అయిపోయింది. ఇవాళ మంచి దొమెస్తిక్ లేకుండా ఏ మహారాజూ పారిస్ చేరలేడు.

ఆ రోజుల్లో దారిలో సైకిలు ఎవడిది వాడే బాగు చేసుకోవాలి, ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. 1913లో యూజీన్ క్రిస్తోఫ్‌కి తూర్మలే కొండ దిగుతుంటే ముందు ఫోర్కు విరిగింది. సైకిలు భుజాన వేసుకుని మైళ్ళ కొద్దీ నడిచి, ఒక పల్లెలో కమ్మరి కొలిమి దొరకబుచ్చుకుని తనే ఇనుము కాల్చి అతికాడు. పందెం అధికారులు పక్కనే నిలబడి చూశారు. కొలిమి తిత్తి ఊదడానికి ఒక పిల్లాడి సాయం తీసుకున్నాడని పది నిమిషాల జుర్మానా వేశారు, తర్వాత దాన్ని మూడుకి తగ్గించారు. పందేలు తొక్కినవాళ్ళు అతని పేరు మర్చిపోలేదు. గెలిచినందుకు కాదు, కమ్మరి పని చేసినందుకు. 1934లో రెనే వియెత్తో, ఇరవయ్యేళ్ళ కుర్రాడు, నాయకుడు ఆంతొనాఁ మాఞ్ కోసం తన ముందు చక్రం ఊడదీసి ఇచ్చేసి గోడ మీద కూర్చుని ఏడ్చాడు. మాఞ్ టూర్ గెలిచాడు. ఫొటో మాత్రం ఆ ఏడుస్తున్న కుర్రాడిది మిగిలింది.

చదివి దిల్ తేలికైందని చెప్పను. పుస్తకాల్లో చదివింది వేరు, మన పేరు మీద పడ్డ మాట వేరు. కానీ మూడో ఆదివారం వెళ్ళాను. వైజాగ్ బయల్దేరే ముందురోజు అబ్బాకి సలాం చెబుదామని ఆయన మంచం దగ్గరికి వెళ్ళాను. షాపు మూసేసి చాలా ఏళ్ళయింది. మోపెడ్లు ఊరంతా పరుచుకున్నాక అద్దె సైకిళ్ళు ఎవరికి కావాలి? ఆయనకిప్పుడు డెబ్భై ఆరు. దిండు కింద నుంచి ఒక చిన్న రేకు డబ్బా తీసి నా చేతిలో పెట్టాడు. సొల్యూషన్, గరుకు కాగితం, నాలుగు రబ్బరు బిళ్ళలు. "అబ్బా, ఇప్పుడు ఎవరూ ఇవి..." అనబోయాను. "జేబులో ఉంచుకో. బరువా?" అన్నాడు. ఉంచుకున్నాను.

పందెం బీచ్ రోడ్డు మీద. భీమిలి వైపు వెళ్ళి వెనక్కి రావాలి. జట్లని రెండు నిమిషాలకొకటి చొప్పున వదిలారు. రూలు ఏంటంటే, ఐదుగురిలో నాలుగోవాడు గీత దాటిన క్షణమే జట్టు టైము. అంటే ఒకడు పోయినా పర్లేదు, ఇద్దరు పోతే జట్టు పోయినట్టే. కోనసీమవాళ్ళం కదా, ఆ రోడ్డు ఎత్తుపల్లాలు మాకు అలవాటు లేదు. రుషికొండ దాటాక ఎత్తుల్లో డాక్టరు గారి పిక్కలు పట్టేశాయి, మమ్మల్ని వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపారు. నలుగురం మిగిలాం. తిరుగు దారిలో బాగా తొక్కాం. నా వంతు వచ్చినప్పుడల్లా గాలి ముందుకెళ్ళి తల దించుకుని పని చేశాను. ఆ ఇరవై నిమిషాలు నాకు నా పేరు కూడా గుర్తులేదు.

ఇంకో ఎనిమిది కిలోమీటర్లుందనగా ముందున్న రాజోలు కుర్రాడి వెనక టైరు బుస్సుమంది.

ఆగాం. మేస్టారు సీటు కింద సంచిలో చెయ్యి పెట్టి ఖాళీ చెయ్యి తీశారు. ఒక ట్యూబు పొద్దున వార్మప్‌లోనే అయిపోయింది. రెండోది డాక్టరు గారి దగ్గరుంది, ఆయనేమో ఎక్కడో వెనక. ఎవరూ నా వైపు చూడలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు గానీ నా వైపు చూడలేదు. ఆ కుర్రాడైతే రోడ్డు వైపే చూస్తున్నాడు. ఆ గ్రూపు మాట అందరికీ గుర్తుందని అప్పుడు అర్థమైంది.

నేను సైకిలు గోడకి ఆనించి, వాడి చక్రం ఊడదీశాను. టైరు లివర్లు అక్కర్లేదు, బొటనవేళ్ళు చాలు. నాకే ఆశ్చర్యం, ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా వేళ్ళు మర్చిపోలేదు. ట్యూబులోకి గాలి కొట్టాను. నీళ్ళ డ్రమ్ము లేదు. సముద్రపు హోరులో చిల్లు చప్పుడు వినపడదు. గాలికి వీపు తిప్పి, వంగి, ట్యూబుని పెదాల దగ్గర మెల్లగా తిప్పాను. అబ్బా రాత్రి పూట చిమ్నీ దీపం ముందు అలాగే చూసేవాడు. సూది మొన అంత చల్లటి ఊపిరి పెదవికి తగిలింది. దొరికింది.

గరుకు కాగితంతో రాశాను, సొల్యూషన్ పల్చగా పూశాను. ఇప్పుడు అసలు ఇంతిహాన్. సొల్యూషన్ తడిగా ఉండగానే బిళ్ళ అంటిస్తే పది గజాలకి ఊడిపోతుంది. మెరుపు పోయి మసకబారే దాకా ఆగాలి. ఊదకూడదు, ముట్టుకోకూడదు. రెండు జట్లు మమ్మల్ని దాటేశాయి. బాబాయ్, "అంటించెయ్ భాయ్, అంటించెయ్యి!" అని అరుస్తున్నారు. దాటిపోతున్న జట్టులోంచి ఎవడో, "పంక్చరు షాపు పెట్టేశార్రోయ్!" అని కేక వేశాడు. వాడికి మా పేర్లు తెలియవు. ఊరికే అన్నాడు. నా చెవులు మాత్రం వేడెక్కాయి. చేతులు కదల్లేదు. సబర్ అని అబ్బా అనేవాడే, నేనది నమాజుకీ రోజాకీ సంబంధించిన మాటనుకున్నాను. అది సొల్యూషన్ ఆరడానికి సంబంధించిన మాట కూడా.

మసకబారింది. బిళ్ళ పెట్టి బొటనవేలితో నొక్కాను. ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పాను. ఒకచోట చురుక్కుమంది. లారీ టైర్లలోంచి రాలే ఉక్కు తీగ ముక్క, వెంట్రుకంత. అది తియ్యకుండా ఎక్కించి ఉంటే పావు కిలోమీటరుకే మళ్ళీ దిగేది. పళ్ళతో లాగి పారేశాను. వేలి చివర నెత్తురు చుక్క.

మొత్తం ఆరు నిమిషాలు పోయాయి. నలుగురం గీత దాటాం. పద్నాలుగు జట్లలో తొమ్మిదో స్థానం. వెనకాల డాక్టరు గారు కుంటుకుంటూ, ఆ ట్యూబు భద్రంగా మోసుకుంటూ వచ్చారు. దాన్ని చూసి నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

తిరుగు ప్రయాణంలో అన్నవరం దగ్గర టీకి ఆగాం. రాజోలు కుర్రాడు గ్లాసు పట్టుకుని నా పక్కకొచ్చాడు. "భాయ్, ఆ రోజు నేను గ్రూపులో..." అన్నాడు. "టీ చల్లారిపోతోంది, తాగు" అన్నాను. కాసేపాగి, "మా అబ్బాది సైకిలు షాపు. కాలువ గట్టు మీద. ఇరవై ఏడేళ్ళు నడిపాడు" అన్నాను. జట్టులో ఎవరికీ చెప్పని మాట అది. బాబాయ్ వెనక నుంచి, "ఏదీ, ఆ లాకుల దగ్గర పాకా? గాలికి డబ్బులు తీసుకోని సాయిబుగారు? ఆయ్, ఆయనా మీ నాన్నగారు!" అన్నారు. చిన్నప్పుడు అంబాజీపేట సంతకి కొబ్బరికాయలు తొక్కుకెళ్ళేటప్పుడు అక్కడే గాలి కొట్టుకునేవారట.

దీనితో ఏదో గెలిచేశానని మీకు చెప్పి మోసం చెయ్యను. ఆ మాట కోరలు ఊడిపోలేదు. మొన్న నేను రాసిన ఒక వార్త కింద ఎవడో మళ్ళీ అదే రాశాడు, మళ్ళీ అలాగే గుచ్చుకుంది. తేడా ఒక్కటే. ఇదివరకు ఆ మాట విన్నప్పుడు నేను తెలుగు ఎం.ఏ.ని అని లోపల్లోపల జవాబు చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడా జవాబు నా నోటికి రావట్లేదు. ఆ జవాబులో అబ్బాని గట్టు మీద ఒంటరిగా వదిలేసి నేనొక్కణ్ణే తప్పించుకోవడం ఉంది.

ఇంటికొచ్చేసరికి ఇషా దాటింది. అబ్బా మేలుకునే ఉన్నాడు. ఎన్నో స్థానం అని అడగలేదు. డబ్బా తెరిచి బిళ్ళలు లెక్కపెట్టాడు. మూడున్నాయి. జరిగింది చెప్పాను, కొంచెం గొప్పగానే. అంతా విని, కళ్ళు మూసుకుని అడిగాడు:

"అంటించే ముందు ఆరనిచ్చావా?"

"ఆరనిచ్చాను అబ్బా."

"ఎక్కించే ముందు టైరు లోపల వేలు పెట్టి చూశావా?"

కట్టు కట్టిన వేలు ఆయన చేతిలో పెట్టాను. తడిమి చూసి, డబ్బాలోకి ఇంకో బిళ్ళ వేసి మూత పెట్టాడు.